పుట్టుకతోనే పాత ఫైలు

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ అని మూడు మెట్లు దిగితే ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఫైళ్లని ఏ ఫార్మాట్‌లో సేవ్ చెయ్యాలో అక్కడ చెప్పొచ్చు. జాబితాలోంచి ‘వర్డ్ 97-2003 డాక్యుమెంట్’ ఎంచుకుని ఓకే నొక్కితే, అప్పట్నుంచి ఆ వర్డ్‌లో తెరిచిన ప్రతి కొత్త ఫైలూ పాత ఫైలుగానే పుడుతుంది. పేజీ ఇంకా ఖాళీగానే ఉంటుంది, పైన టైటిల్ బార్‌లో మాత్రం ‘కంపాటిబిలిటీ మోడ్’ అని పడిపోతుంది. ఒక్క అక్షరం రాయకముందే ఆ రాతకి 1997 నాటి హద్దులు వచ్చేస్తాయి.

కథలూ నవలలూ కవిత్వం గురించి మాట్లాడుకునే చోట ఈ సెట్టింగుల గొడవ దేనికి అంటారేమో. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్, చదివేది తెలుగు పుస్తకాలు. ఆ రెండూ కలిసే చోట నాకు పదేపదే ఎదురయ్యే విషయం ఇది. డీఫాల్ట్ అంటే ఎవరూ ఎంచుకోకుండానే జరిగిపోయే ఎంపిక. ఒక రాత ఎవరికి అందాలి, ఎన్నాళ్లు నిలవాలి అన్నది చాలాసార్లు రచయితా నిర్ణయించడు, సంపాదకుడూ నిర్ణయించడు. ఇలాంటి ఒక పెట్టె నిర్ణయిస్తుంది. అందుకని దీన్నీ ఒక పాఠంలా చదవొచ్చు. ఏం చెబుతోంది, ఎవరిని ఉద్దేశించి చెబుతోంది, ఎవరిని వదిలేస్తోంది అని అడగొచ్చు.

ముందు దాని తరఫున వాదిద్దాం. వర్డ్ 97 నుంచి వర్డ్ 2003 దాకా వెర్షన్లు మారినా వాడుకునేవాళ్లకి డాక్ ఫార్మాట్ ఒక్కటే. 2007లో కొత్త ఆఫీస్‌తో పాటు డాక్‌ఎక్స్ వచ్చింది. కొత్త కంప్యూటర్‌లో మామూలుగా సేవ్ చేసిన ఫైలు పాత కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. పాత వర్డ్‌లో కొత్త ఫైళ్లు తెరిచేందుకు మైక్రోసాఫ్ట్ ఒక కంపాటిబిలిటీ ప్యాక్ ఉచితంగానే ఇచ్చింది. కానీ ప్రతి కంప్యూటర్‌లోనూ దాన్ని ఎక్కించే ఓపిక, డౌన్‌లోడ్ చేసుకునే ఇంటర్నెట్ అప్పట్లో ఎందరికున్నాయి? దాంతో పెద్ద ఆఫీసుల్లో సిస్టమ్ అడ్మిన్‌లకి సులువైన దారి ఒకటే కనిపించింది: ఒక్క గ్రూప్ పాలసీతో అందరి వర్డుల్లోనూ పాత ఫార్మాట్‌ని డీఫాల్ట్ చేసెయ్యడం. చిన్న చోట్ల ఎవరికి తెలిస్తే వాళ్లు ఆ పెట్టె మార్చుకున్నారు.

విజయవాడ వన్ టౌన్‌లో ఈ లెక్క ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో ఒక శుభలేఖ వేయించాలంటే పని ఒక్క షాపులో అయిపోదు. ఒకచోట మేటర్ కంపోజ్ చేస్తారు, ఇంకోచోట ప్లేటు తీస్తారు, మరోచోట ఆఫ్‌సెట్ మీద వేస్తారు. ఫైలు పెన్‌డ్రైవ్ ఎక్కి ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి తిరుగుతుంది. ఆ వరసలో అందరికంటే పాత మెషిన్ ఎవరిదో మిగతావాళ్ల వెర్షన్ కూడా అదే. ముహూర్తం ఆగదు కదా! ‘మా దగ్గర తెరుచుకోవట్లేదండీ, పాతదాంట్లో చేసి పంపండి’ అన్న ఒక్క మాటతో ఒక పూట పని పోతుంది. అలాంటి చోట పాత ఫార్మాట్‌ని డీఫాల్ట్ చేసుకున్నవాణ్ని వెనకబడ్డవాడు అనడం అన్యాయం. అతను పక్కవాడి ఇబ్బందిని ముందే ఊహించాడు. మా వృత్తిలో దీన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అని గొప్పగా చెప్పుకుంటాం. వన్ టౌన్‌లో దాని పేరు మొహమాటం.

చిక్కల్లా, ఆ మొహమాటం ఇవాళ ఎదురుగా నిలబడ్డవాడి దగ్గరే. పదేళ్ల తర్వాత అదే ఫైలు తెరవాల్సినవాడు ఆ లెక్కలో లేడు. పాత ఫార్మాట్‌లో పుట్టిన ఫైలు కొన్నిటిని ముందే వదులుకుంటుంది. వర్డ్‌లో కొత్త పద్ధతిలో రాసిన గణిత సమీకరణం డాక్‌లోకి వెళ్లేసరికి బొమ్మయిపోతుంది. డాక్‌లో ఉన్నంతవరకు దాన్ని దిద్దడం కుదరదు. ఎక్సెల్ పాత ఫార్మాట్‌లో ఒక షీటుకి 65,536 వరసలే. కొత్తదాంట్లో 10,48,576. ఈ తేడా ఎప్పుడు ప్రాణం మీదకి వస్తుందో ఇంగ్లండ్ 2020లో చూసింది. కోవిడ్ పరీక్షల ఫలితాలని అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించింది. వరసలు నిండిపోయాక వచ్చిన కేసులు లెక్కలోకి రాలేదు. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు అలా జారిపోయాయి. ఆ రోగులని కలిసినవాళ్లకి కబురు సకాలంలో వెళ్లలేదు. ఎవరో ఎప్పుడో ఎంచుకున్న ఒక ఫార్మాట్ అది. దాని గురించి మళ్లీ ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఇక్కడ రెండు పనుల్ని విడదీసి చూడాలి. ఒకటి, పాత కంప్యూటర్ ఉన్నవాడికి పాత ఫార్మాట్‌లో ఒక కాపీ తీసి ఇవ్వడం. రెండోది, అసలు ఫైలే పాత ఫార్మాట్‌లో పుట్టడం. మొదటిదానికి ‘సేవ్ యాజ్’ ఉంది. అందులో మర్యాద ఉంది, నష్టం లేదు. అసలు మన దగ్గర క్షేమంగానే ఉంటుంది. రెండోదాంట్లో అసలు అనేదే ఉండదు. పుట్టినప్పుడే అది కాపీ. లిబ్రేఆఫీస్‌లో డాక్‌గా సేవ్ చెయ్యబోతే, ఈ ఫార్మాట్‌లో కొన్ని నిలవకపోవచ్చు, ఇలాగే ఉంచమంటారా అని అడుగుతుంది. చాలామంది ఆ ప్రశ్నకి విసుక్కుని మళ్లీ అడక్కుండా టిక్కు పెట్టేస్తారు. నాకు మాత్రం సాఫ్ట్‌వేర్‌లో కనిపించే మంచి వాక్యాల్లో అదొకటి. డీఫాల్ట్‌గా జరిగిపోయేదాన్ని మన చేత ఒక్కసారి చదివిస్తుంది.

*

ఇప్పుడు వన్ టౌన్ సందులు దాటి పుస్తకాల వైపు, ఏలూరు రోడ్డుకి వద్దాం. వర్డ్ పెట్టె కంటే పెద్ద డీఫాల్ట్ ఒకటి తెలుగు ప్రచురణలో ఉంది. దాని పేరు పేజ్‌మేకర్, అను ఫాంట్లు.

2001వ సంవత్సరం చూడండి. ఆ ఏడాదే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌కి అదే చివరి పెద్ద వెర్షన్. 2004లో అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లడం ఆపేసింది. అదే 2001లో విండోస్ ఎక్స్‌పీ కూడా వచ్చింది, గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటుతో సహా. అంటే ఒక తలుపు మూసుకోవడానికి సిద్ధమైన ఏడాదే ఇంకో తలుపు తెరుచుకుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా రెండో తలుపులోంచి వెళ్లింది. బ్లాగులు, వెబ్ పత్రికలు కూడా అటే వెళ్లాయి. అచ్చు పుస్తకం మాత్రం మొదటి గదిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత రాసిన కొత్త కథ, కొత్త నవల, కొత్త కవిత్వం ఎన్నో అక్కడే పాత ఫైళ్లుగా పుట్టాయి.

ఇందులో పాతది ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మనం పలికే వరసలోనే అవి ఫైల్లో ఉంటాయి. ఏ ఫాంటు పెట్టినా, ఏ కంప్యూటర్‌లో తెరిచినా అది ‘స్త్రీ’యే. అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో ఫైల్లో ఉన్నది తెలుగే కాదు. ఇంగ్లీషు, యూరప్ భాషల అక్షరాల కోసం కేటాయించిన అంకెలవి. ఆ అంకెల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించి ఉంటాయి: ఒక తలకట్టు, ఒక గుడి, ఒక వత్తు. ఫాంటు ఉంటే కంటికి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే చుక్కలూ కొమ్ములూ ఉన్న యూరోపియన్ అక్షరాల గుంపు మిగులుతుంది. ఆ ఫైలుని డాక్ నుంచి డాక్‌ఎక్స్‌కి మార్చినా ఒరిగేదేం లేదు. డబ్బా మారుతుంది, లోపలి సరుకు అదే. పాత ఫార్మాట్‌లో పుట్టడం అంటే ఒక్కోసారి అక్షరం దాకా పాతగా పుట్టడం.

దీనివల్ల పాఠకుడికి ఏమవుతుంది? ఆ ఫైల్లోంచి తీసిన పీడీఎఫ్‌లో ఒక మాట వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి స్నేహితుడికి పంపలేం. ఆ పుస్తకంలోని వాక్యం గూగుల్‌కి తెలియదు. చూపులేని పాఠకుడి కోసం స్క్రీన్ రీడర్ దాన్ని చదివితే అర్థంలేని శబ్దాలు వస్తాయి. రేపు ఎవరైనా ఒక రచయిత పదసంపద మీద పరిశోధన చెయ్యాలనుకుంటే మొత్తం మళ్లీ టైపు చేయించుకోవాలి.

నా మిత్రుడొకడు, వన్ టౌన్‌లో పెరిగినవాడే, తన కథల పుస్తకం రెండో ముద్రణకి పూనుకున్నాడు. మొదటిది పదేళ్లకు పైగా అయింది. పాత ఫైలు సీడీలో భద్రంగానే దొరికింది. అయితే ఆ పేజ్‌మేకర్ ఫైలు తెరిచే కంప్యూటర్ కోసం మూడు షాపులు తిరగాల్సి వచ్చింది. తెరిచి, కన్వర్టర్‌లో వేస్తే తెలుగు అయితే వచ్చింది గానీ వత్తులు ఒకదాని స్థానంలోకి ఇంకోటి జరిగాయి. కొన్ని చోట్ల రావత్తు పక్క అక్షరానికి తగులుకుంది. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో ఉండాలి. ఆ సర్దుబాటులో కన్వర్టర్ తడబడుతుంది. చివరికి ప్రతి కథా ప్రూఫు మొదటి నుంచీ చూడాల్సి వచ్చింది. ‘దీనికంటే మళ్లీ టైపు చేయించుకుంటే పోయేదిరా’ అన్నాడు వాడు. ఆ ఓపిక ఉన్న రచయిత బతికుంటేనే ఇది సాధ్యం. రచయిత లేని పుస్తకం సంగతేంటి?

లెటర్‌ప్రెస్ రోజుల్లో ఈ విషయంలో ఎవరికీ భ్రమ లేదు. కంపోజిటర్ సీసపు అక్షరాలు ఏరి కూర్చేవాడు. ఫారం అచ్చయ్యాక ఆ అక్షరాలని విడదీసి తిరిగి గళ్లలో పడేసేవాడు. రెండో ముద్రణ అంటే మళ్లీ మొదటి నుంచీ కూర్పే. అందుకే ప్రచురణకర్త అచ్చయిన కాపీ ఒకటి జాగ్రత్తగా దాచుకునేవాడు, నిలిచేది అదొక్కటే అని తెలుసు కాబట్టి. కంప్యూటర్ వచ్చినప్పుడు మనకి దొరికిన మాట ఏమిటంటే, ఇక మళ్లీ కూర్చక్కర్లేదు, ఫైలు ఉంటుందిగా అని. ఫైలు ఉంది. పాఠం లేదు. సీసం గళ్లలోకి వెళ్లిపోతే కనీసం కళ్లకి తెలిసేది. సీడీలోని ఫైలు అలా కాదు. ఏళ్ల తరబడి ఉన్నట్టే నమ్మిస్తుంది.

*

పాతదాంట్లోనే కొత్తది పుట్టాలన్న పట్టుదల తెలుగుకి కొత్త కాదు. వందేళ్ల కిందట జరిగిన గ్రాంథిక, వ్యావహారిక తగాదాని ఈ కోణంలోంచి చూడండి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా బళ్లో పిల్లవాడు కొత్తగా ఒక వ్యాసం రాయాలంటే, తనకి తోచిన వాక్యాన్ని మనసులోనే పాత భాషలోకి మార్చుకుని అప్పుడు కాగితం మీద పెట్టాలి. వాడుక భాషలో రాయడం అసలు లేక కాదు. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లోనే వచ్చింది, రెండోది 1909లో. అయితే అది ఒక రచయిత సొంతంగా తీసుకున్న నిర్ణయం. పరీక్ష కాగితం మీద డీఫాల్ట్ గ్రాంథికమే. తగాదా అంతా ఆ డీఫాల్ట్ గురించే. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసింది, 1911లో ఏర్పడ్డ ఆంధ్ర సాహిత్య పరిషత్తు అవతలి పక్షాన నిలబడింది కావ్యాలు చదవాలా వద్దా అన్న విషయం మీద కాదు. ఇవాళ కొత్తగా రాసే వచనం ఏ భాషలో పుట్టాలి అన్నదాని మీద.

గిడుగు రామమూర్తిని పాత సాహిత్యానికి శత్రువుగా చూపించేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. నిజానికి ఆయన వాదనకి సాక్ష్యాలు చాలావరకు పాత గ్రంథాల్లోంచే తెచ్చుకున్నాడు. పాతదాన్ని చదవగలగడం వేరు, కొత్తదాన్ని పాతదిగా రాయాల్సి రావడం వేరు. కొత్త వర్డు కూడా పాత డాక్ ఫైళ్లని తెరుస్తుంది, తెరవాలి కూడా. తెరవడం వారసత్వం. పుట్టించడం అలవాటు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి, పాత ఫార్మాట్‌ని డీఫాల్ట్ నుంచి తీసేస్తే సంప్రదాయం పోతుందని అనడంలో అర్థం లేదు.

పోలిక ఇంతవరకే నడుస్తుంది. గ్రాంథికానికి తనదైన అందం, పట్టు ఉన్నాయి. డాక్ ఫార్మాట్‌కి ఏ అందమూ లేదు. ఇంకో తేడా మరీ ముఖ్యం. గ్రాంథికంలో రాసిన వాక్యాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని ఇవాళ్టికీ చదవగలం. ఫాంటు పోయిన ఫైలుకి ఏ నిఘంటువూ సాయం రాదు.

*

అవతలి వాదన కూడా వినాలి, ఎందుకంటే అది బలమైనదే. పేజ్‌మేకర్ మీద ఇరవై ఏళ్లు పని చేసిన ఆపరేటర్ వేళ్లకి అను కీబోర్డు వచ్చు. ఒక ఫారం ఎంతసేపట్లో అవుతుందో అతనికి తెలుసు, పేజీ రేటు దాన్నిబట్టే ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్ సరిగ్గా కూర్చే వీలు 2012లో సీఎస్6తో గానీ రాలేదు. వచ్చాక కొన్నాళ్లకే అడోబీ నెలనెలా అద్దె కట్టే పద్ధతికి మారింది. చిన్న షాపుకి అది చిన్న ఖర్చు కాదు. మొదట్లో యూనికోడ్ ఫాంట్లు తక్కువ, పుస్తకం పేజీ మీద అంత అందంగానూ ఉండేవి కావు. ఇక డాక్‌ఎక్స్ కూడా ఒక కంపెనీ ఇంట్లో పుట్టిందే. 2007లో దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా ఒప్పుకోమని ఓటింగుకి పెట్టినప్పుడు మన దేశం వద్దనే ఓటేసింది. అయినా 2008లో ఐఎస్‌ఓ ముద్ర పడింది. కొత్తది కాబట్టి మంచిది అనడం కూడా ఇంకో డీఫాల్ట్ ఆలోచనే.

ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ వీటిలో కొన్ని ఇప్పుడు పాతబడ్డాయి. మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గిడుగు, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అలవాటైన కీబోర్డుతోనే యూనికోడ్ కొట్టే పనిముట్లు కూడా ఉన్నాయి. మిగిలినవి నిజమే అయినా, అవి ఆపరేటర్ మోయాల్సిన బరువులు కావు. పేజీకి ఇంత అని కూలి తీసుకునేవాణ్ని, భాష భవిష్యత్తు నీ చేతుల్లో ఉంది అని నిలదీయడం మన సాహిత్యకారులకి సులువైన పని. అడగాల్సింది ప్రచురణకర్తని. అడగాల్సినవాడు రచయిత.

ఏం అడగాలి? అచ్చుకి ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే, చివరి ప్రూఫు దిద్దిన పాఠం యూనికోడ్‌లో తనకి ఇవ్వాలని ఒప్పందంలో ఒక్క వాక్యం. ఆ ‘చివరి’ అన్న మాట ముఖ్యం. ఇవాళ చాలామంది రచయితలు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లోనే రాస్తున్నారు. అంటే మాతృక కొత్తగానే పుడుతోంది. అచ్చు కోసం దాన్ని అనులోకి మారుస్తారు, దిద్దుబాట్లన్నీ అక్కడే జరుగుతాయి. పుస్తకం వచ్చేసరికి రచయిత దగ్గర మిగిలిన యూనికోడ్ ఫైలు తప్పులతో ఉన్న చిత్తుప్రతి. సరైన పాఠం తెరుచుకోని ఫైల్లో ఉంటుంది. కాబట్టి దిద్దుబాట్లు రెండు చోట్లా చెయ్యాలి, లేదా యూనికోడ్‌లోనే దిద్ది అప్పుడు మార్చాలి. శ్రమే, కానీ ఒక్కసారి పడే శ్రమ. పేజ్‌మేకర్ కావాలన్న ప్రెస్సుకి పేజ్‌మేకర్ ఫైలే ఇవ్వండి, డాక్ అడిగిన పత్రికకి డాక్ పంపండి. అది కాపీ. మొహమాటం కాపీ దగ్గర ఆగాలి, అసలు దాకా రాకూడదు.

సమీక్షలు రాసే మనవంతు కూడా కొంత ఉంది. అట్ట బాగుందనీ, అచ్చుతప్పులు చికాకు పెట్టాయనీ రాస్తూనే ఉంటాం. చివర్లో పేజీలు, వెల, దొరికే చోటు ఇస్తాం. వాటి పక్కనే ఇంకో వివరం చేర్చడం మొదలుపెట్టొచ్చు: ఈ పుస్తకం పాఠం యూనికోడ్‌లో ఉందా, లేదా. ప్రచురణకర్తకి ఒక ఫోన్ చేస్తే తెలిసే సంగతి. పది సమీక్షల్లో వరసగా ‘లేదు’ అని అచ్చయితే, పదకొండో పుస్తకానికి ఎవరో ఒకరు ఆ పెట్టె తెరిచి చూస్తారు.